శంషాబాదు: పేరు, నేల, నీరు

హైదరాబాదునుండి బెంగుళూరు మార్గమున దక్షిణముగా పోవువారికి ఇంచుమించు 20 కిలోమీటర్ల దూరమున శంషాబాదు తగులును. ఈనాడు ఆ పేరు వినగానే విమానములు స్ఫురించును గాని, ఊరి కథ అంతకు చాల పూర్వపుది.

మొదట పేరును చూతము. ‘షమ్స్’ అనగా అరబ్బీలో సూర్యుడు. ‘ఆబాద్’ అనగా పారశీకమున జనావాసము. నిజాముల కొలువున ఆశ్వికదళమును పోషించిన పైగా ప్రభువులకు ‘షమ్సుల్ ఉమ్రా’, అనగా సర్దారులలో సూర్యుడు, అను బిరుదముండెడిది. ఆ బిరుదమే ఊరిపేరైనదని చెప్పుదురు. 1949లో జాగీర్లు రద్దుకాగా పైగాల ఏలుబడియు ముగిసినది. చేరువ నర్కూడలోని అమ్మపల్లి సీతారామాలయపు ఎత్తైన గోపురము, కోనేరు ఈ ప్రాంతపు ప్రాచీనతను చాటుచున్నవి.

ఇక నేల సంగతి. దక్కను పీఠభూమిలోని ఈ భాగమున అడుగున సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు శిల కలదు. దానిపై పలుచని ఎఱ్ఱచల్క. రాయి నీటిని సులభముగ ఇంకనీయదు. కనుకనే పూర్వులు పల్లములకు కట్టలు వేసి చెఱువులు చేసికొనిరి. విమానాశ్రయపు నేల సముద్రమట్టమునకు 2,024 అడుగుల ఎత్తున నున్నది. ఉత్తరమున హిమాయత్ సాగరపు నిండుమట్టము సుమారు 1,763 అడుగులు. వాన నీటికి దారి చూపునది ఈ వాలే.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమున వేలాది ప్రాణములను బలిగొన్నది. అటుపిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి మూసీపై ఉస్మాన్ సాగరము, దాని ఉపనది ఈసీపై హిమాయత్ సాగరము నిర్మింపబడినవి. రెండవది 1927లో పూర్తియైనది. వరదను నిలుపుట, నగరమునకు త్రాగునీ రొసగుట దీని పనులు.

2008 మార్చి 23న ఇచ్చట విమానముల రాకపోకలు ప్రారంభమైనవి. సుమారు 5,500 ఎకరముల ఆవరణము, నాలుగు కిలోమీటర్లకు మించిన రన్‌వే బేగంపేటలో, నగరము నడుమ, అమరునవి కావు. విశాలమైన మెరకనేల, చెంతనే రాజమార్గము, ఉందానగర్ రైలు స్టేషను ఇచ్చట కలిసివచ్చినవి. అయితే ఆ విశాలత ఊరక లభించినది కాదు. తరతరములుగా దున్నిన పొలములను రైతులు విడువవలసివచ్చినది.

జలాశయముల చుట్టును పదికిలోమీటర్ల మేర కర్మాగారములను, పెద్ద కట్టడములను అరికట్టుచు 1996లో ప్రభుత్వ ఉత్తర్వు వచ్చినది. ఆ ఆంక్షలను తొలగించుచు 2022లో మరియొకటి వెలువడినది. ఉత్తర్వులు మారినను నేల వాలు మారదు. మట్టిపై పడిన వాన కొంత ఇంకి, కొంత నిదానముగ సాగరము చేరును. సిమెంటుపై పడినది మురికిని మోసికొని ఒక్క ఉదుటున దిగును. కావున ఇచ్చట ఇల్లు కట్టువారు, బాట వేయువారు ముందుగా వాగు ఎటు పారునో విచారింపవలెను. ఎగువ ఊరివారి ఆ శ్రద్ధయే దిగువ నగరవాసులకు రక్ష.