తేదీ మారిన రాత్రి - బీమా, తనిఖీ, మన జాగ్రత్త
(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను బీమా గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ప్రీమియం రేట్లు, బోనస్ లెక్కలు ఏజెంట్లు నాకంటె బాగా చెబుతారు. నేను గుమాస్తాగా బతికినవాడిని. నాకు తెలిసిన పనులు రెండే: తేదీ సరిగా వేయడం, తనిఖీకి వచ్చిన అధికారికి జవాబు చెప్పడం. ఈ రెండూ ఒకచోట కలిసి ప్రపంచాన్ని కలవరపెట్టిన సందర్భం ఒకటుంది. 1999లో పత్రికల నిండా కనిపించిన "వై టూ కే" అదే. అయిపోయిన పెళ్లికి మేళమెందుకు అనుకోవద్దు. అటువంటిదే మరొకటి ముందుంది. ఆ మాట చివర చెబుతాను.

అసలు చిక్కు ఏమిటి? మన ఆఫీసు ఫారాల మీద "19" అని అచ్చు వేసి ఉండేది. పక్కన రెండంకెలు మనం నింపేవాళ్లం. 2000 వచ్చాక ఆ 19 కొట్టేసి, 20 అని రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టి పాత ఫారాలే వాడుకున్నాం. మనిషికి అది చిటికెలో పని. యంత్రానికి ఆ తెలివి లేదు. తొలినాళ్లలో కంప్యూటరులో సమాచారం దాచుకునే చోటు చాలా ఖరీదు. అందుచేత సంవత్సరాన్ని రెండంకెలతో సరిపెట్టారు. 35లో పుట్టిన మనిషికి 99లో వయసెంత అంటే 64 అని సరిగ్గా చెబుతుంది. 00లో ఎంత అంటే, సున్నాలోంచి 35 తీసివేసి మైనస్ 35 అంటుంది. పైగా 2000 లీపు సంవత్సరం. నూరుతో భాగింపబడే సంవత్సరం మామూలుగా లీపు కాదు, 1900 కాలేదు. నాలుగు వందలతో భాగింపబడితే మాత్రం అవుతుంది. సగం సూత్రమే తెలిసిన ప్రోగ్రాము ఫిబ్రవరి 29ని మింగేస్తుంది.

మిత్రులారా, బీమా అంటేనే తేదీల వ్యవహారం. పుట్టిన తేదీని బట్టి ప్రీమియం. కట్టవలసిన తేదీ, దాని మీద గ్రేసు రోజులు దాటితే పాలసీ ల్యాప్స్. గడువు తేదీ వస్తే సొమ్ము. అందుకే బీమా సంస్థలకు ఈ చిక్కు 1999 డిసెంబరు 31 రాత్రి దాకా ఆగలేదు. 1985లో ఇరవయ్యేళ్లకు తీసుకున్న పాలసీ గడువు 2005. ఆ "05"ను యంత్రం 1905 అనుకుంటే, పాలసీ పుట్టకముందే గడువు తీరినట్టు లెక్క! ఇది ఒక వైపు. రెండో వైపు, పాలసీ తీసుకున్న ఫ్యాక్టరీలో కంప్యూటరు చెడి నష్టం వస్తే ఆ క్లెయిము కూడా బీమా సంస్థ నెత్తినే పడుతుంది. అందుచేత అమెరికాలో చాలా సంస్థలు, ముందే తెలిసిన ముప్పు ప్రమాదం కిందికి రాదని వాదించి, వ్యాపార పాలసీలలో మినహాయింపు షరతులు పెట్టాయి.

మరి వీరంతా సిద్ధమయ్యారో లేదో చూడవలసింది ఎవరు? అమెరికాలో బీమా మీద అజమాయిషీ రాష్ట్రాలది. అక్కడి కాంగ్రెసు తరఫున లెక్కలు చూసే జనరల్ అకౌంటింగ్ ఆఫీసు 1999లో ఒక సంగతి బయటపెట్టింది. బ్యాంకులను పర్యవేక్షించేవారితో పోల్చితే బీమా అధికారులు ఆలస్యంగా కదిలారనీ, కంపెనీలు తామే నింపి పంపిన జవాబుల మీద ఎక్కువగా ఆధారపడ్డారనీ, స్వయంగా వెళ్లి సరిచూసింది తక్కువనీ దాని సారాంశం.

ఈ మాట మనకు కొత్త కాదు. జమాబందీ అయినా, ఆఫీసు తనిఖీ అయినా ముందు ప్రశ్నావళి వస్తుంది. "క్యాష్ బుక్కు రోజూ ముగిస్తున్నారా?" - అవును. "స్టాకు సరిచూశారా?" - చూశాము. కాగితం మీద అన్నీ అవునులే. కాని కొందరు అధికారులు ఉండేవారు. వచ్చి కుర్చీలో కూర్చుని, ఆ జవాబులు పక్కన పెట్టి, "ఫలానా నెల క్యాష్ బుక్కు, చలానాలు పట్రండి" అనేవారు. ఆఫీసంతా నిటారుగా నిలబడేది. "అయిందా?" అని అడగడం విచారణ. "చూపించు" అనడం తనిఖీ. నేనివాళ చెప్పదలచిన మాట ఇదొక్కటే.

మన దేశం సంగతి చూద్దాం. 1925లో పట్టాభి సీతారామయ్యగారు బందరులో ఆంధ్ర ఇన్సూరెన్సు కంపెనీ పెట్టిన నాటికి బీమా కంపెనీలు వేటికవే. 1938 చట్టంతో సూపరింటెండెంటు వచ్చారు. 1956లో 245 సంస్థలు కలిసి ఎల్ఐసీ అయింది. 1973లో సాధారణ బీమా కూడా జాతీయమై నాలుగు కంపెనీలుగా ఏర్పడింది. అప్పటినుంచి యజమానీ ప్రభుత్వమే, అజమాయిషీ కూడా ప్రభుత్వానిదే. వేరే నియంత్రణ సంస్థ కావాలని మల్హోత్రా కమిటీ 1994లో చెప్పింది. 1996లో ప్రభుత్వ ఉత్తర్వుతో తాత్కాలికంగా ఒక సంస్థ వెలిసింది. దానికి చట్టబలం కల్పించే బిల్లు రావడం, ఆగడం, మళ్లీ రావడం జరిగి, చివరకు రాష్ట్రపతి ఆమోదం లభించింది ఎప్పుడో తెలుసా? 1999 డిసెంబరు 29న! కంప్యూటర్ల తేదీ తిరగడానికి సరిగ్గా రెండు రోజుల ముందు. ఐఆర్‌డీఏ ఏర్పడింది 2000 ఏప్రిల్‌లో. వరద వచ్చిపోయాక గట్టుకు కాపలాదారును వేసినట్టయింది.

అయినా ఆ రాత్రి గడిచింది, పెద్ద అనర్థం జరగలేదు. "ఏమీ కాలేదు, గొడవంతా బూటకం" అన్నవారున్నారు. నేనొప్పుకోను. హైదరాబాదులో కోబాల్ నేర్చుకుని వెళ్లిన మన తెలుగు పిల్లలు ఎందరో దేశదేశాల్లో కూర్చుని ఒక్కొక్క వరుస సరిదిద్దారు. సరిదిద్దని చోట ఏమైందో ఇంగ్లండులోని షెఫీల్డు చెబుతుంది. 2000లో అక్కడ కంప్యూటరు గర్భిణుల వయసు తప్పుగా కట్టడంతో నూటయాభై మందికి పైగా తల్లులకు పరీక్షా ఫలితం తప్పుగా అందింది. వయసు లెక్క తప్పితే నష్టపోయేది మనిషి.

మరొక్క సంగతి. చాలాచోట్ల చేసింది పూర్తి మరమ్మతు కాదు. 00 నుంచి 29 దాకా వస్తే 2000లు, 30 నుంచి 99 దాకా వస్తే 1900లు అనుకో అని యంత్రానికి ఒక గీత గీసి చూపించారు. ఆ గీత ఒక్కొక్కరు ఒక్కోచోట గీశారు. నాగావళి గట్టుకు గండిపడితే ఇసుక బస్తాలు వేస్తాం చూడండి, అలాంటిది. ఆ ఏటికి కాపాడుతుంది, గట్టు మాత్రం కట్టినట్టు కాదు.

ఇప్పుడు ముందున్నదేమిటో చెబుతాను. ఎన్నో కంప్యూటర్లు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతాయి. పాత పద్ధతి యంత్రాలలో ఆ అంకె పట్టే గడి 2038 జనవరి 19న నిండిపోతుంది. ఆ తరవాత తేదీ వెనక్కి తిరిగి 1901కి పోతుంది. చాలా యంత్రాలు ఇప్పటికే మారాయి, పాతవి ఎక్కడ మిగిలాయన్నదే ప్రశ్న. 2038 దూరం కదా అనకండి. 2024లో మనవరాలి పేరున పదిహేనేళ్లకు తీసుకున్న పాలసీ గడువు 2039. అంటే ఆ తేదీ ఇప్పటికే రికార్డులో ఎక్కింది.

ఈసారి కాపలాదారు ముందే ఉన్నాడు. నియంత్రణ సంస్థ 2001లో హైదరాబాదుకు వచ్చింది. ఇప్పుడు దాని పేరు ఐఆర్‌డీఏఐ. బీమా సంస్థల కంప్యూటరు భద్రతకు 2017లో నియమాలు పెట్టి, 2023లో సవరించింది. బయటి ఆడిటర్ల తనిఖీ కూడా వాటిలో ఉంది. అధికారం ఉంది, చట్టం ఉంది. కావలసింది "చూపించు" అనే ఒక్క మాట.

కనుక సభ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. 2038 జనవరి 19 దాటిన గడువు తేదీలతో ప్రతి బీమా సంస్థా తన యంత్రాలను పరీక్షించిందా, ఆ పరీక్షను బయటివారెవరు సరిచూశారు అని అడుగుతూ మన సంఘం ఐఆర్‌డీఏఐకి లేఖ రాయాలి. జవాబు వస్తే ఈ పత్రికలోనే ప్రచురించాలి.

ఇక మన ఇంట్లో పని. బాండు తీసి పుట్టిన తేదీ, పేరు, నామినీ సరిగా ఉన్నాయో చూసుకోండి. ఫోనులో రసీదు వచ్చినా ఒక ప్రతి కాగితం మీద ఉంచండి. తప్పు కనిపిస్తే కంపెనీకి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చినది సంతృప్తిగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి రుసుము లేదు. నడవలేనివారికి, భర్తను పోగొట్టుకున్న మన కుటుంబ పెన్షనరు సోదరీమణులకు ఆ అర్జీ రాసిపెట్టే పని మనవంటి పాత గుమాస్తాలు పంచుకోవాలి. కలం పట్టడం మనం ఇంకా మరిచిపోలేదు గదా!

ప్రతిపాదనను ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.