నవీన్ జిందాల్ జీవితం – మనకు దక్కిన ఒక హక్కు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొనే వాళ్ళం. తెలుగులో ప్రసంగమంటే కొంచెం జంకు. ఎక్కడైనా మాట తడబడితే పెద్ద మనసుతో క్షమించవలెనని మనవి.

రాజకీయ కుటుంబం నుంచి వచ్చి, పరిశ్రమలు నడిపి, తరువాత తానూ రాజకీయాల్లో ప్రవేశించిన ఒక ప్రముఖుని జీవితం గురించి మాట్లాడమని కార్యదర్శి గారు మమ్మల్ని ఆదేశించారు. అటువంటి వారు మన దేశంలో చాలామందే ఉన్నారు. మేము మాత్రం హర్యానాకు చెందిన నవీన్ జిందాల్ గారిని ఎంచుకొన్నాము. ఆయన మన ప్రాంతం వారు కారు. ఆయనకు ఓటు వేసే అవకాశం కూడా మనకు లేదు. అయినా ఎంచుకొన్నామంటే కారణం మొన్నటి కార్యవర్గ సమావేశం.

ఆ రోజు మన కొత్త లైబ్రరీ ముందు జెండా కర్ర నిలబెట్టి ప్రతి రోజూ జాతీయ జెండా ఎగురవేద్దామని మేము ప్రతిపాదించాము. ఒక పెద్దాయన వెంటనే అడ్డుకొన్నారు. "మాస్టర్ సాబ్, ఆగస్టు 15, జనవరి 26 అయితే సరే. రోజూ ఎగరేస్తే చట్టం ఒప్పుకుంటుందా? లేనిపోని గొడవ మనకెందుకు?" అన్నారు. ఆయన మాట పూర్తి కాకముందే మా దగ్గర చదువుకొన్న కుర్రవాడొకడు లేచి, "సార్, రోజూ జెండా ఎగరేసి మనం ఎవరికైనా రుజువు చూపించాలా?" అని అడిగాడు. ఇద్దరికీ ఆ పూట మేము సరిగా జవాబు చెప్పలేకపోయాము. ఈ ప్రసంగమే ఆ జవాబు అనుకోండి.

ఇక జీవితం సంగతి. నవీన్ గారి తండ్రి ఓం ప్రకాశ్ జిందాల్. 1930లో హిసార్ జిల్లా నల్వా గ్రామంలో పుట్టారు. 1952లో హిసార్‌లో బకెట్లు తయారుచేసే చిన్న కార్ఖానా పెట్టారు. బకెట్ల నుంచి పైపులకు, పైపుల నుంచి ఉక్కుకు ఎదిగారు. అరవై ఏళ్ళు దాటాక రాజకీయాల్లోకి దిగి 1991లో హిసార్ నుంచి శాసనసభకు, 1996లో కురుక్షేత్ర నుంచి లోక్‌సభకు ఎన్నికైనారు. 2005లో హర్యానా విద్యుత్ మంత్రి అయిన కొద్ది రోజులకే, మార్చి 31వ తేదీన, ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్ దగ్గర హెలికాప్టర్ కూలి మరణించారు. అదే ప్రమాదంలో మాజీ ముఖ్యమంత్రి బన్సీలాల్ గారి కుమారుడు, వ్యవసాయ మంత్రి సురేందర్ సింగ్ కూడా ప్రాణాలు కోల్పోయారు. అంతవరకు ఇల్లు చూసుకొన్న నవీన్ గారి తల్లి సావిత్రీ జిందాల్ భర్త స్థానంలో పోటీ చేసి గెలిచారు. తరువాత ఆమె కూడా రాష్ట్ర మంత్రిగా పనిచేశారు. 2024లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి హిసార్ నుంచి మళ్ళీ గెలిచారు.

నవీన్ గారు 1970 మార్చి 9న హిసార్‌లో పుట్టారు. నలుగురు అన్నదమ్ములలో చిన్నవారు. ఢిల్లీ హన్స్‌రాజ్ కళాశాలలో కామర్స్ చదివి, అమెరికాలో డల్లాస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో 1992లో ఎం.బి.ఏ. పూర్తి చేశారు. అక్కడ విద్యార్థి సంఘానికి అధ్యక్షులుగా కూడా ఉన్నారు. ఆ దేశంలో సామాన్యులు సైతం తమ ఇళ్ళ మీద, దుకాణాల మీద రోజూ తమ జెండా ఎగురవేసుకోవడం ఆయన చూశారు. మన దేశంలో అది ఎందుకు కుదరదన్న ప్రశ్న మనసులో పడింది.

తిరిగి వచ్చి రాయగఢ్‌లోని ఉక్కు కర్మాగారం బాధ్యత తీసుకొన్నారు. ఇప్పుడది ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నది, అప్పట్లో మధ్యప్రదేశ్. ఆ ఫ్యాక్టరీ ఆఫీసు ఆవరణలో ప్రతి రోజూ జాతీయ జెండా ఎగురవేయడం మొదలుపెట్టారు. అధికారులు వచ్చి, ఫ్లాగ్ కోడ్ ప్రకారం ఇది చెల్లదు, దించవలసిందే అన్నారు. వారు తమ సొంత కక్షతో అన్న మాట కాదు. అప్పటి నియమాలే అలా ఉన్నాయి. ప్రభుత్వ భవనాల సంగతి వేరు. ప్రైవేటు వ్యక్తులు మాత్రం స్వాతంత్ర్య దినం, గణతంత్ర దినం వంటి కొద్ది రోజులలోనే ఎగురవేయాలి.

ఇది వింటుంటే మా చిన్ననాటి సంగతి ఒకటి గుర్తుకు వస్తున్నది. ఒక ఆగస్టు 15న బడిలో ఇచ్చిన చిన్న జెండాను మేము ఇంటికి తెచ్చి డాబా మీద వెదురు కర్రకు కట్టాము. మరుసటి రోజు పొద్దున్నే మా అబ్బాజాన్ పైకెక్కి, దాన్ని విప్పి, మడిచి, ట్రంకు పెట్టెలో పెట్టేశారు. "పండుగ అయిపోయింది బేటా. ఇక ఇది మన ఇంటి మీద ఉండకూడదు, తప్పు" అన్నారు. ఆ మాటకు మేము ఏడ్చాము. దేశం మనదైతే జెండా ఒక్క పూటే మనదెందుకని ఆయనను అడిగే ధైర్యం మాత్రం లేకపోయింది.

మేము అడగలేని ఆ ప్రశ్నను నవీన్ గారు కోర్టులో అడిగారు. ఢిల్లీ హైకోర్టులో రిట్ వేశారు. 1995 సెప్టెంబరు 22న హైకోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అక్కడ కేసు ఏళ్ళ తరబడి నలిగింది. ఈలోగా ప్రభుత్వమే ఒక కమిటీ వేసి నియమాలను సడలించింది. 2002 జనవరి 26 నుంచి కొత్త ఫ్లాగ్ కోడ్ అమలులోకి వచ్చింది. చివరకు 2004 జనవరి 23న ప్రధాన న్యాయమూర్తి వి.ఎన్. ఖరే గారి ధర్మాసనం తీర్పు చెప్పింది. గౌరవంతో, మర్యాదతో జాతీయ జెండాను ఎగురవేయడం పౌరునికి రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం కింద ఉన్న ప్రాథమిక హక్కేనని ఆ తీర్పు సారాంశం. అయితే అది హద్దులు లేని హక్కు కాదు. 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టానికి, 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టానికి లోబడినది.

ఆ తీర్పు వచ్చిన నాలుగు నెలలలోపే ఆయన కాంగ్రెస్ అభ్యర్థిగా తండ్రి పాత నియోజకవర్గం కురుక్షేత్ర నుంచి లోక్‌సభకు ఎన్నికైనారు. ఓడిపోయిన అభయ్ చౌతాలా అప్పటి ముఖ్యమంత్రి కుమారుడు. అంటే పోటీ రెండు రాజకీయ కుటుంబాల నడుమే జరిగిందన్న మాట. 2009లో నవీన్ గారు మళ్ళీ గెలిచారు. 2014లో రాజ్‌కుమార్ సైనీ చేతిలో ఓడిపోయారు. 2024 మార్చిలో కాంగ్రెస్ విడిచి బి.జె.పి.లో చేరి, సుమారు 29 వేల ఓట్ల మెజారిటీతో అదే స్థానం నుంచి గెలిచారు. ఆయన ఏ పార్టీలో ఉన్నారన్నది మన సంఘానికి పనిలేని విషయం. మనది రాజకీయ వేదిక కాదు.

మంచి మాత్రమే చెప్పి ఊరుకుంటే అది జీవిత చరిత్ర కాదు, పొగడ్త అవుతుంది. బొగ్గు గనుల కేటాయింపు వ్యవహారంలో 2013లో సి.బి.ఐ. ఆయన మీద కేసు పెట్టింది. జార్ఖండ్‌లోని ఒక గని విషయమది. ఆ కేసులో మన తెలుగు సినిమా దర్శకులు, బొగ్గు శాఖ సహాయ మంత్రిగా పనిచేసిన కీర్తిశేషులు దాసరి నారాయణరావు గారి పేరు కూడా చేరింది. ఆరోపణలను ఇద్దరూ ఒప్పుకోలేదు. 2014లో సుప్రీంకోర్టు దేశం మొత్తం మీద 214 గనుల కేటాయింపులను రద్దు చేసింది. వాటిలో జిందాల్ కంపెనీవి కూడా ఉన్నాయి. పరిశ్రమ, అధికారం ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ప్రజలు ప్రశ్నలు అడుగుతారు. అడగవలసిందే. తప్పొప్పులు తేల్చవలసినది న్యాయస్థానం. మేము కాదు, మీరూ కాదు.

మరొక నిజం కూడా ఒప్పుకోవాలి. పెద్ద ప్లీడర్లను పెట్టుకొని ఢిల్లీలో అన్నేళ్ళు కేసు నడపడం ఫ్యాక్టరీ యజమాని గనుక ఆయనకు సాధ్యమయింది. మా అబ్బాజాన్ వంటి వారికి అది కలలో మాట. అయితే బావి తవ్వించినవాడు ధనవంతుడైనంత మాత్రాన నీళ్ళు అతని ఒక్కడివే కావు గదా! ఆయన ఇనుము ఆయనది, లాభం ఆయనది, పదవి ఆయనది. ఆ తీర్పు మాత్రం రిక్షా తొక్కేవానిది, పండ్ల బండి వానిది, మనందరిది. ఆయన జీవితంలో మన గుమ్మం దాకా వచ్చినది ఆ ఒక్కటే. అందుకే ఆయనను ఎంచుకొన్నాము.

ఇప్పుడు మా పెద్దాయనకు జవాబు. భాయీసాబ్, చట్టం ఒప్పుకుంటుంది. ఎవరి పర్మిషన్ అక్కరలేదు. నియమాలు మాత్రం పాటించాలి. కాషాయ రంగు పైకి ఉండాలి. చిరిగినది, వెలిసినది ఎగురవేయరాదు. నేలకు తగలనీయరాదు. దాని మీద ఏమీ రాయరాదు. దాని కంటె ఎత్తున మరే జెండా ఉండరాదు. పాడైపోయిన జెండాను చెత్తలో పారవేయరాదు. మరుగున, మర్యాదగా దహనం చేయాలి. 2021 డిసెంబరులో చేసిన సవరణతో ఖద్దరుతో పాటు పాలియెస్టర్ గుడ్డను, మిల్లు గుడ్డను కూడా అనుమతించారు. 2022 జూలై సవరణతో పగలూ రాత్రీ కూడా ఎగురవేయవచ్చు. అయినా సాయంకాలం దించి మడిచి పెట్టుకోవడమే మనకు అలవాటు, అందంగానూ ఉంటుంది.

ఇక కుర్రవానికి జవాబు. బేటా, నీ ప్రశ్నలో ఉన్న బాధ మాకు తెలియనిది కాదు. రుజువు చూపించడానికైతే మేమే వద్దని ఉందుము. కోర్టు ఏమన్నదో మళ్ళీ విను. హక్కు అన్నది. పరీక్ష అనలేదు. పరీక్ష రాసేవాడు మార్కుల కోసం ఎదుటివాని ముఖం చూస్తాడు. హక్కు ఉన్నవాడు తన ఇంటి తలుపు తీసినంత మామూలుగా దాన్ని వాడుకొంటాడు. అసలు ఈ 'హక్కు' అనే తెలుగు మాటే అరబీలోని 'హక్' నుంచి వచ్చినది. పక్కనే 'ఫర్జ్' ఉంటుందని మనకు ఇంట్లోనే నేర్పారు. హక్కు అడిగితే కోర్టు ఇచ్చింది, దానికి జోడుగా గౌరవించే బాధ్యత కూడా అప్పగించింది.

ఈ జెండా మనకు ఎవరో ఎరువు ఇచ్చినది కూడా కాదు. బందరు దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారు 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల సందర్భంగా గాంధీజీకి జెండా నమూనా అందించారు. అది మన కృష్ణా తీరం కథ. 1947లో చరఖా స్థానంలో అశోకచక్రం వచ్చింది. ఆ నమూనా సిద్ధం కావడంలో బద్రుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య సురయ్యా త్యాబ్జీల చేయి ఉన్నదని వారి కుమార్తె లైలా త్యాబ్జీ రాశారు. 1947 జూలై 22న రాజ్యాంగ సభ దాన్ని ఆమోదించింది. తెలుగువానిగా, ముస్లింగా రెండు విధాలా అందులో మన దారం ఉన్నది. సొంత దారాన్ని పట్టుకోవడానికి రుజువు ఎందుకు?

చివరగా ఒక్క మాట. మన పిల్లలకు స్కాలర్‌షిప్ ఆగిపోయినా, బడికి టీచరు రాకపోయినా, మనం ఇంట్లో కూర్చొని నిట్టూరుస్తాము, లేకపోతే రోడ్డు మీద కేకలు వేస్తాము. కాగితం రాయడం, రశీదు తీసుకోవడం, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టడం మనకు రాదు. ఒక చిన్న జెండా కోసం కోటీశ్వరుడే ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగి, రూలు మాటకు రూలుతోనే జవాబు చెప్పాడు. ఆయన ఆస్తి మనకు రాదు. ఆ ఓపిక మాత్రం ఎవరైనా నేర్చుకోవచ్చు.

కార్యవర్గం దయతో జెండా కర్రకు ఒక ఇనుప పైపు కొన్నాము. సిమెంటు దిమ్మె నిన్ననే ఆరింది. రేపు పొద్దున లైబ్రరీ తెరిచే వేళకు జెండా ఎక్కుతుంది. ఎక్కించడానికి, దించడానికి మా పిల్లల పేర్లు వంతులవారీగా రాసి గోడకు అంటించాము. మొదటి వారం పెద్ద మనిషిగా పక్కన నిలబడడానికి, మొన్న అడ్డుకొన్న పెద్దాయనే ఒప్పుకొన్నారు. వారికి మా సలాము. ఆ ప్రశ్న అడిగిన కుర్రవాని పేరు రెండవ వారంలో రాశాము. ఇష్టమైతేనే రమ్మన్నాము. హక్కు కదా, బలవంతం లేదు.

జై హింద్.