మీ నాన్నగారు ఎలా పోయారు?

శాలువాలు అయిపోయాయి కాబట్టి, ఇక నర్సింగ్, ఫార్మసీ పట్టాలు పుచ్చుకున్న మీతోనే నా మాటలు.

నేను నరాల డాక్టర్ని. మన వినుకొండ పక్క నుంచే ఒక మిర్చి రైతు వచ్చాడు, యాభై నిండలేదు. గుంటూరు యార్డులో కాటా వేయించిన టిక్కీల లెక్క మరిచిపోతున్నాడు. తాగుడన్నారు కొందరు. అల్జీమర్స్ అని ఒకరు రాసిచ్చేశారు. ‘ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?’ అంటే ‘అబ్బే, లేదండీ’ అని అందరిదీ ఒకటే పాట. ఎమ్మారైలో చూస్తే మెదడు తెల్లపదార్థం నిండా మచ్చలు. అప్పుడు వాళ్ల మేనత్త నన్ను వరండాలోకి పిలిచింది. తండ్రి పక్షవాతంతో పోయాడట. బాబాయికి మతి పోయిందట. అన్నకు పార్శ్వపు నొప్పి. ‘ఇన్నాళ్లూ ఎందుకు దాచారమ్మా?’ అన్నాను. ‘పిల్లకు సంబంధం చూస్తున్నాం బాబూ!’

జబ్బు పేరు కాడాసిల్. నాచ్‌3 జన్యువు చెడితే మెదడులోని సన్న రక్తనాళాలు పాడవుతాయి. 1996లో ఆ జన్యువును పట్టుకున్నారు, ఇప్పుడు రక్తపరీక్షతో తేలుతుంది. నయం చేసే మందు లేదు. సిగరెట్ మానాలి, బీపీ అదుపులో ఉంచాలి.

‘మాది మేనరికం కాదుగా’ అన్నాడు ఆ రైతు అన్న. చూశారా, ఇదీ నా గోల! కాడాసిల్‌కు మేనరికంతో పనేలేదు. తల్లికో తండ్రికో ఉంటే చాలు, ప్రతి బిడ్డకూ సగం అవకాశం. విల్సన్ జబ్బు అలా కాదు, చెడిన జన్యువు ఇద్దరి నుంచీ రావాలి. మేనరికం అక్కడ ముప్పు. రాగి కాలేయంలో, మెదడులో పేరుకుని, బాగా చదివే పిల్లాడు వెనకబడతాడు, చేతులు వణుకుతాయి. మనం వాడికి ప్రేమ వ్యవహారం అంటగడతాం! దానికి 1956 నుంచీ పెనిసిల్లమైన్ ఉంది. తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ నాలుగో వంతు ప్రమాదం కనుక వాళ్లనూ పరీక్షించాలి.

ఇంట్లోవాళ్ల మాట పరిశోధనలకూ కావాలి. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఒకే భాషవాళ్లకన్నా జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. చదువురానివాళ్లలోనూ ఆలస్యమే. జబ్బు ఎప్పుడు మొదలైందో చెప్పాల్సింది ఇంట్లోవాళ్లే కదా! వాళ్లు నోరు విప్పకపోతే ఏ ఎమ్మారై చెబుతుంది?

కేస్‌షీట్‌లో ‘కుటుంబ చరిత్ర: ఏమీ లేదు’ అని రాసి చేతులు దులుపుకుంటే ఊరుకోను. తాతలు, మేనత్తలు, బాబాయిలు ఎలా పోయారో అడగండి. అడిగేటప్పుడు మాత్రం పెళ్లివారు చుట్టుపక్కల లేకుండా చూసుకోండి.