కల్పిత లోకము – నిజమైన కన్నీళ్లు

(రేడియో సందేశము)

 

ఈ దినము మీ ముందుకు కొంచెము వేరైన అంశము తెస్తున్నాను. కథలను గూర్చి మాట్లాడుకుందాం. అదీ మామూలు కథలు కావు. మాట్లాడే జంతువులు, మంత్రగత్తెలు, ఏ పటములోను కనబడని దేశాలు ఉండే కథలు. “అయ్యగారూ, వాక్యము చెప్పవలసిన సమయములో ఈ కథలెందుకు?” అని మీలో కొందరు అనుకోవచ్చు. పౌలు తిమోతికి వ్రాసిన రెండు పత్రికలలోను కల్పనాకథలను గూర్చి హెచ్చరించాడు కదా అని కూడా అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఆ హెచ్చరికను మనము తేలికగా తీసుకోకూడదు. అయితే పౌలు దేనిని ఖండించాడో గమనించండి. సత్యము అనే పేరు పెట్టుకొని సంఘములోనికి చొరబడిన కట్టుకథలను ఖండించాడు. “ఇది కథ” అని ముందే ఒప్పుకొని, ఆ కథతోనే సత్యము వైపు వేలు చూపించడము వేరు. ఆ పని పరిశుద్ధ గ్రంథములోనే జరిగింది.

న్యాయాధిపతులు 9వ అధ్యాయము చూడండి. అబీమెలెకు తన సహోదరులు డెబ్బదిమందిని ఒకే రాతిమీద చంపించి రాజైనాడు. తప్పించుకొన్న చిన్నవాడు యోతాము గెరిజీము కొండ ఎక్కి షెకెము వారికి ఒక కథ చెప్పాడు. చెట్లన్నీ కలిసి తమకు రాజు కావాలని బయలుదేరాయట. ఒలీవ చెట్టు ఒప్పుకోలేదు. అంజూరపు చెట్టు, ద్రాక్షావల్లి కూడా ఒప్పుకోలేదు. చివరికి ముండ్లపొద సరేనన్నది. చెట్లు నడుస్తాయా? మాట్లాడతాయా? లేదు. కాని ఆ కథ విన్నవారికి తమ రాజు ఎవరో, తాము ఎన్నుకొన్నది ఏమిటో స్పష్టముగా కనబడింది. నీడనివ్వలేని ముండ్లపొదను పట్టుకొని, నా నీడకు రండి అని అది పిలిస్తే నమ్మినవారము మనమే కదా అని వారు అనుకోవాలని యోతాము ఉద్దేశము.

2 సమూయేలు 12వ అధ్యాయములో నాతాను ప్రవక్త కూడా అదే చేశాడు. దావీదు దగ్గరకు వెళ్లి నీవు పాపివి అంటే ఆ రాజు ఏమి చేసి ఉండేవాడో మనకు తెలియదు. నాతాను ఒక పేదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పాడు. దావీదు మనస్సులోని కావలివాడు నిద్రపోయాడు. కోపముతో తీర్పు చెప్పాడు. ఆ తీర్పు తన మీదికే వచ్చింది. తన ఇంట్లో దాచిపెట్టుకొన్న పాపమును చూడలేనివాడు ఎవరో తెలియని పేదవాని ఇంట్లో దానిని చూశాడు. కథకు ఉన్న బలము ఇదే ప్రియులారా. మనకు బాగా అలవాటైపోయి కనబడకుండా పోయిన దానిని, దూరముగా పెట్టి, మళ్లీ కనబడేటట్లు చేస్తుంది.

గత శతాబ్దములో ఈ పనిని బాగా చేసిన ఒక విశ్వాసిని మీకు పరిచయము చేస్తాను. ఆయన పేరు సి. ఎస్. లూయిస్. 1898లో ఐర్లండులోని బెల్‌ఫాస్ట్ నగరములో పుట్టాడు. ఆక్స్‌ఫర్డులో సాహిత్యము బోధించాడు. యౌవనములో దేవుడు లేడని వాదించిన మనిషి. మొదటి ప్రపంచ యుద్ధములో గాయపడ్డాడు. 1931లో ఒక సెప్టెంబరు రాత్రి, తన స్నేహితులైన టోల్కీన్, డైసన్‌లతో కళాశాల తోటలో నడుస్తూ చాలాసేపు మాట్లాడాడు. ఆ తరువాత కొద్ది దినములకే క్రీస్తును విశ్వసించాడు. ఆ టోల్కీనే తరువాత ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ వ్రాశాడు. 1941 నుండి 1944 వరకు, బాంబుల మధ్య బ్రతుకుతున్న ప్రజలకు లూయిస్ బి.బి.సి. రేడియోలో విశ్వాసమును గూర్చి ప్రసంగించాడు. రేడియో ద్వారా ఇంటింటికీ వెళ్లే ఈ పరిచర్యలో ఆయన మనకంటె ముందు నడిచినవాడు.

1950 నుండి 1956 వరకు ఆయన పిల్లల కొరకు ఏడు పుస్తకాలు ప్రచురించాడు. అవే నార్నియా కథలు. మొదట వచ్చిన కథలో యుద్ధకాలములో లండను నుండి పంపబడిన నలుగురు పిల్లలు ఒక ప్రొఫెసరుగారి ఇంట్లో ఉంటారు. అక్కడ ఒక పాత చెక్క బీరువా. చిన్నపిల్ల లూసీ అందులో దూరితే అవతలివైపు మంచు కురిసే వేరే లోకము. అక్కడ ఒక తెల్లని మంత్రగత్తె రాజ్యమేలుతున్నది. ఎప్పుడూ చలికాలమే గాని క్రిస్మస్ రాదు. ఆ లోకమునకు నిజమైన ప్రభువు ఆస్లాన్ అనే సింహము.

నలుగురిలో ఎడ్మండ్ అనే కుర్రవాడిని గమనించండి. వాడు కూడా నార్నియాను కళ్లారా చూసి వచ్చాడు. కాని ఇంట్లో అందరి ముందు “మేము ఊరికే ఆడుకున్నాము” అని అబద్ధమాడి చెల్లెలిని ఏడిపించాడు. ఎందుకు? మంత్రగత్తె పెట్టిన మిఠాయి తిన్నాడు. తిన్నకొద్దీ ఇంకా కావాలనిపించే మిఠాయి అది. దాని కొరకు అన్నను, అక్కను, చెల్లెలిని శత్రువుకు అప్పగించడానికి సిద్ధపడ్డాడు. ఇది మనకు తెలియని లోకమా? సాయంత్రమయ్యేసరికి సారా దుకాణము వైపు నడిచే కాళ్లను మనము ఎరుగుదుము. ఇల్లు తాకట్టు పెట్టి పేకాడే చేతులను ఎరుగుదుము. మొదట తీపి, తరువాత ఆకలి, చివరికి అమ్మకము. పాపము పనిచేసే పద్ధతిని ఒక మిఠాయి డబ్బాలో పెట్టి పదేండ్ల పిల్లలకు చూపించాడు లూయిస్.

ద్రోహి ప్రాణము తనదని మంత్రగత్తె అడిగింది. ఆస్లాన్ ఆ కుర్రవానికి బదులుగా తానే వెళ్లి రాతిబల్ల మీద చనిపోయాడు. ఉదయమున ఆ బల్ల రెండుగా పగిలింది, ఆయన తిరిగి లేచాడు. ఎవరిని గూర్చి చెబుతున్నాడో మీకు వేరే చెప్పనక్కరలేదు. అయితే నేను చూపించదలచినది చిన్న సంగతి. ఎడ్మండ్‌ను విడిపించి తెచ్చిన తరువాత ఆస్లాన్ వానిని పక్కకు తీసుకొనిపోయి ఒంటరిగా మాట్లాడతాడు. ఏమి మాట్లాడాడో రచయిత మనకు చెప్పడు. తరువాత వానిని అన్న, అక్క, చెల్లెలి దగ్గరకు తెచ్చి, జరిగిపోయిన దానిని గూర్చి వీనితో మాట్లాడవలసిన అవసరము లేదు అని చెబుతాడు.

ప్రియ సహోదరులారా, మీ ఇంట్లో ఎడ్మండ్ ఉన్నాడా? తప్పిపోయి తిరిగి వచ్చిన కుమారుడు ఉన్నాడా? ప్రభువు వానితో మాట్లాడవలసినది మాట్లాడేశాడు. కాని మనము మాత్రము ప్రతి పండుగకు, ప్రతి గొడవకు పాత లెక్క బయటికి తీస్తాము. “నీవు ఆ రోజు ఏమి చేశావో మరచిపోయావా?” అంటాము. సిలువ మీద ముగిసిన లెక్కను భోజనాల దగ్గర మళ్లీ తెరవడానికి మనకు ఏ అధికారము ఉన్నది? ఈ ప్రశ్నను ఒక సింహము అడిగితే మనకు సూటిగా తగులుతుంది. కథ చేసే మేలు ఇదే.

ఇప్పుడు మరియొక కథ. 1955లో వచ్చిన ‘ది మెజీషియన్స్ నెఫ్యూ’. ఇందులో డిగొరీ అనే బాలుడు ఉన్నాడు. వాని తల్లి మరణపడక మీద ఉన్నది. వాడు వేరే లోకములో ఆస్లాన్ ముందు నిలబడి మా అమ్మను బాగుచేయవా అని అడుగుతాడు. భయముతో ఆ సింహము పాదముల వైపే చూస్తూ ఉంటాడు. చివరికి ధైర్యము చేసి తలెత్తి చూస్తే, ఆస్లాన్ కళ్లలో నీళ్లు. తన కన్నీళ్లకంటె పెద్ద కన్నీళ్లు. అమ్మను గూర్చి తనకంటె ఆయనే ఎక్కువ దుఃఖపడుతున్నాడేమో అని ఆ బిడ్డకు అనిపించింది.

తరువాత వానిని ఒక తోటలో నుండి పండు తెమ్మని పంపుతాడు. అక్కడ మంత్రగత్తె వచ్చి శోధిస్తుంది. “ఈ పండు దొంగిలించి మీ అమ్మకు పెట్టు, బ్రతుకుతుంది” అంటుంది. వాడు ఏడుస్తూనే మాట నిలబెట్టుకొంటాడు. చివరికి ఆస్లానే ఒక పండు ఇస్తాడు. తల్లి బాగుపడుతుంది. ఆ పండు గింజల నుండి పెరిగిన చెట్టు తరువాత గాలివానకు కూలితే, ఆ చెక్కతో చేసినదే మనము మొదట చెప్పుకొన్న బీరువా. డిగొరీయే పెద్దవాడై ఆ ప్రొఫెసరుగారైనాడు. ఒక బాలుని కన్నీటి విధేయత మరి నలుగురు పిల్లలకు తలుపైనది.

ఇప్పుడు ఆ రచయిత సొంత జీవితము వినండి. 1908 ఆగస్టులో లూయిస్ తల్లి ఫ్లోరా క్యాన్సరుతో చనిపోయింది. అప్పుడు ఆయనకు తొమ్మిదేండ్లు. అమ్మ బాగుపడాలని ఆ బిడ్డ ప్రార్థించాడు. ఆమె బాగుపడలేదు. కొద్ది వారాలలోనే వానిని ఇంగ్లండులోని హాస్టలు బడికి పంపివేశారు. ఆ సంగతిని ఆయన తన ఆత్మకథలో వ్రాశాడు. ఆ ఆత్మకథ వచ్చినది కూడా 1955లోనే. ఒకే సంవత్సరములో రెండు పుస్తకాలు. ఒకదానిలో తల్లి చనిపోయింది. రెండవదానిలో తల్లి బ్రతికింది.

అయితే కథలో తల్లిని బ్రతికించుకొని ఆయన తనను తాను మోసపుచ్చుకొన్నాడా? నేను అలా అనుకోను. తల్లి బ్రతకడముతో పాటు ఆయన మరియొక దానిని ఆ కథలో పెట్టాడు. అవి ఆ సింహము కన్నీళ్లు. తొమ్మిదేండ్ల బాలునికి ఆ రోజు కనబడనిది అదే. వాడు దేవుని పాదముల వరకే చూశాడు. ఆయన ముఖము చూడలేదు.

ఈ నమ్మకము ఆయనకు చౌకగా దొరకలేదు. 1956లో ఆయన వివాహము చేసుకొన్న జాయ్ అనే సహోదరికి కూడా క్యాన్సరే వచ్చింది. కొంతకాలము తగ్గింది, మళ్లీ తిరగబెట్టింది. 1960 జూలైలో ఆమె చనిపోయింది. ఆ దుఃఖములో ఆయన దేవునికి వేసిన ప్రశ్నలు చాలా కఠినమైనవి. 1961లో వాటిని వేరే పేరుతో ఒక చిన్న పుస్తకముగా ప్రచురించాడు. ఆ ప్రశ్నలు వేస్తూనే ఆయన దేవుని విడిచిపెట్టలేదు. 1963 నవంబరులో చనిపోయేవరకు విశ్వాసములోనే ఉన్నాడు.

శ్రోతలారా, మీలో ఎందరో ఇదే దారిలో నడిచారు. ఉపవాసముండి ప్రార్థించారు. సంఘమంతా ప్రార్థించింది. అయినా సమాధి దగ్గరకు వెళ్లవలసి వచ్చింది. “విశ్వాసము చాలలేదేమో” అని ఎవరో ఒకరు అని కూడా ఉంటారు. ఆ మాట మీ గుండెలో ముల్లువలె ఉండిపోయి ఉంటుంది. యోహాను సువార్త 11వ అధ్యాయము తెరవండి. లాజరును కొద్దిసేపటిలో లేపబోతున్నానని ప్రభువుకు తెలుసు. అయినా మరియ ఏడ్వడము చూసి ఆయన కన్నీళ్లు విడిచాడు. ఆ వచనము మనము ఎన్నోసార్లు చదివాము. అలవాటైపోయి దాని బరువు మనకు తెలియడము లేదేమో. ఒక కథలో సింహము ఏడ్చినదని విన్నప్పుడు మనము ఉలిక్కిపడతాము. ఆ తరువాత బైబిలు తెరిస్తే, అక్కడ ఏడుస్తున్నవాడు కథలోనివాడు కాడు.

మరి ఇలాంటి కథలన్నీ మంచివేనా? కావు. వాటిని పరీక్షించాలి. టోల్కీన్ 1939లో ఇచ్చిన ఒక ఉపన్యాసములో చెరసాలలోని ఖైదీ తప్పించుకోవడము వేరు, యుద్ధరంగము నుండి సైనికుడు పారిపోవడము వేరు అనే భావము చెప్పాడు. మనకు ఇది మంచి కొలబద్ద. పుస్తకము మూసిన తరువాత మీ బిడ్డకు ఇల్లు, పక్కింటివాని బాధ, దేవుని వాక్యము ఇంకా స్పష్టముగా కనబడుతున్నాయా? అయితే ఆ కథ కిటికీ. వీటినన్నిటిని మరచి దానిలోనే ఉండిపోవాలనిపిస్తున్నదా? అయితే అది ఎడ్మండ్ తిన్న మిఠాయి. కథ లేఖనము కాదు. లేఖనము వైపు తిప్పితే మాత్రము దానికి కృతజ్ఞత చెప్పవచ్చు.

లూయిస్ కూడా ఇదే కోరుకొన్నాడు. 1952లో వచ్చిన నార్నియా కథ చివర, పిల్లలు ఇక తిరిగి రాలేరని తెలిసి ఏడుస్తారు. అప్పుడు ఆస్లాన్, మీ లోకములో కూడా నేను ఉన్నాను, అక్కడ నాకు వేరొక పేరు ఉన్నది, ఆ పేరుతో నన్ను ఎరగడము మీరు నేర్చుకోవాలి, ఇక్కడ కొంచెము తెలిసికొన్నది అక్కడ బాగుగా తెలిసికొనుట కొరకే అనే భావము వారికి చెబుతాడు. ఆ పేరు మనము ఎరుగుదుము. మన ఇండ్ల గోడల మీద వ్రాసుకొన్నాము.

కాబట్టి ఈ వారము ఒక పని చేయండి. మీ వీధిలో ఈ మధ్య తల్లిని గాని, బిడ్డను గాని పోగొట్టుకొన్న ఇల్లు ఒకటి ఉంటుంది. అక్కడికి వెళ్లండి. జవాబులు పట్టుకొని వెళ్లకండి. కాసేపు కూర్చొని వారు చెప్పేది వినండి. కన్నీళ్లు వస్తే ఆపుకోకండి. తల వంచుకొని ఉన్నవారు ఒకసారి తలెత్తి చూసేటప్పుడు, మీ ముఖములో ప్రభువు ముఖము కొంచెమైనా కనబడాలి.

దుఃఖపడువారిని ఆదరించు దేవుడు మిమ్మును, మీ కుటుంబములను దీవించును గాక. ఆమేన్.