దాచేపల్లిలో తుపాకి ఆటలు

పల్నాడనగానే తెలుగువారికి మొదట స్ఫురించునది కోడిపోరు. పన్నెండవ శతాబ్దమున మాచెర్ల పక్షమున బ్రహ్మనాయుడును, గురజాల పక్షమున నాగమ్మయు కోళ్ళను పందెమునకు దింపిరని వీరగాథలు చెప్పుచున్నవి. ఓడిన మాచెర్లవారు ఏడేండ్లు వలసపోయిరి. గడువు తీరినను వారి రాజ్యభాగము వారికి దక్కలేదు. రాయబారియై వెళ్ళిన అలరాజు విషమునకు బలియయ్యెను. తుదకు కార్యమపూడి రణరంగమున వీరులు నేలకొరిగిరి. ఆటగా మొదలైనది యుద్ధమై ముగిసినది. అట్టి సీమలో పుట్టి పెరిగిన మేము యుద్ధమును ఆటగా ఆడిన కాలమొకటి కలదు. దానిని గూర్చియే ఈ ప్రసంగము.

కంప్యూటరు ఆటలు పెక్కు విధములు. వానిలో ఒక తెగయందు ఆడువాని మూర్తి తెరపై కనిపింపదు. తుపాకి పట్టిన చేయి మాత్రమే క్రిందివైపున కనిపించును. అతడు చూచునదే మనము చూతుము. అతడు తిరిగిన వైపునకే లోకమంతయు తిరుగును. అమెరికాలోని ఇడ్ సాఫ్ట్‌వేర్ అను చిన్న సంస్థ 1992లో వుల్ఫెన్‌స్టైన్ త్రీడీ అను ఆటను, 1993 డిసెంబరు 10న డూమ్ అను ఆటను వెలువరించి ఈ తెగకు బాట వేసినది. డూమ్ ఆటలోని మొదటి భాగమును ఉచితముగా పంచిపెట్టిరి. తక్కిన భాగములు కావలసినవారు సొమ్ము చెల్లించి తెప్పించుకొనిరి.

అందలి కనికట్టు తెలిసికొనదగినది. ఆ లోకమున ఒక గదిపై మరియొక గది ఉండదు. అది కాగితముపై గీచిన ఇంటి ప్లాను వంటిదే. నేలకును కప్పునకును ఎత్తులు మాత్రము వేరువేరుగా ఇచ్చిరి. ఎదురు వచ్చు రాక్షసులు ఎనిమిది వైపులనుండి చూచినట్లు ముందే సిద్ధము చేసిన చదునైన చిత్తరువులు. జాన్ కార్మాక్ అను యువకుడు గోడలన్నిటిని ముందుగనే ఒక క్రమములో విభజించి ఉంచు ఉపాయమును ప్రయోగించెను. అందుచేత నాటి సామాన్య యంత్రములు కూడ ఆ ఆటను తడబడక నడపగలిగినవి.

ఈ ఆటలు మా దాచేపల్లికి చేరుటకు దాదాపు పదేండ్లు పట్టినది. అప్పటికి మా ఊరు గుంటూరు జిల్లాలోనిది. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడినది. ఒక వంక నాగులేరు, చుట్టును మిరప చేలు, ప్రత్తి చేలు, రహదారిపై పగలనక రేయనక తిరుగు లారీలు. 2003 ప్రాంతమున ఆ బాట ప్రక్కనే ఒక గదిలో ఆరు కంప్యూటర్లతో నెట్ సెంటరు వెలసినది. పగటిపూట పరీక్షా ఫలితములు చూచుకొనువారును, దరఖాస్తులు పంపువారును వచ్చెడివారు. సాయంకాలము ఆ గది మాది. గంటకు 15 రూపాయలు.

మేము మొదట ఆడినది 2000 డిసెంబరులో వెలువడిన ప్రాజెక్ట్ ఐ.జి.ఐ. అది నార్వేదేశపు ఇన్నర్‌లూప్ స్టూడియోస్ సృష్టి. వారు యుద్ధవిమానపు ఆట కొరకు తయారుచేసిన యంత్రాంగమునే దీనికిని వాడినందున ఇందు ఆరుబయలు మైదానములు కనుచూపుమేర పరచుకొని ఉండును. జోన్స్ అను ఒంటరి యోధుడు 14 ఘట్టములు దాటవలెను. ఘట్టము నడుమ ఆటను భద్రపరచుకొను వీలు లేదు. తుది వాకిట గుండు తగిలినను మరల మొదటినుండియే. నడుమ కరెంటు పోయినను అంతే. తొందరపడువానికి ఆ ఆట అబ్బదు. ఒకడు మౌసు పట్టెడివాడు. నలుగురు వెనుక నిలిచి కావలిగోపురములను, కెమెరాలను లెక్కించి చెప్పెడివారు. ఒకడు నోటుపుస్తకములో దారులు గీచెడివాడు. జేబులో రూపాయి లేనివానికిని నిలుచుండ చోటు దొరికెడిది.

పిమ్మట కౌంటర్ స్ట్రైక్ వచ్చినది. హాఫ్ లైఫ్ అను 1998 నాటి ఆటను ఆధారముగా గొని మిన్ లీ, జెస్ క్లిఫ్ అను ఇరువురు 1999లో దీనిని కూర్చిరి. 2000లో ఇది అంగడికెక్కినది. ఇందు రెండు జట్లు. ఒక జట్టు బాంబు పెట్టవలెను. రెండవ జట్టు దానిని ఆపవలెను. పరుగెత్తినచో అడుగుల చప్పుడు శత్రువునకు వినిపించును; మెల్లగా నడచినచో వినిపింపదు. చచ్చినవాడు ఆ విడత ముగియువరకు లేవరాదు, చూచుచు కూర్చుండవలసినదే. గెలుపునుబట్టి సొమ్ము వచ్చును. ఆ సొమ్ముతోనే తరువాతి విడతకు తుపాకులు కొనవలెను.

ఆరు యంత్రములను తీగలతో కలిపి, వంకకు ముగ్గురము చొప్పున ఆడెడివారము. ఏ సాయంకాలమునకు ఆ సాయంకాలము పంటలు వేసికొని జట్లు కట్టెడివారము. నిన్న మనలను కాల్చినవాడు నేడు మన ప్రక్కవాడు. ఈ చిన్న ఏర్పాటే మాకు ఆ ఆట ఇచ్చిన పెద్ద పాఠము.

ఏలయన, ఆనాటి మా సీమలో పక్షములు పుట్టుకతో వచ్చెడివి. ఫలానావారి పిల్లవాడని తెలిసినంతనే, అతడెవరి అరుగుపై కూర్చుండవచ్చునో, ఎవరి పెండ్లికి పోరాదో తేలిపోయెడిది. కక్షలు, నాటుబాంబులు అను మాటలు మేము బడికి పోకముందే విన్నవి. ఆ గదిలోనికి వచ్చువారిలో ఇరువురి తండ్రులకు ఏండ్ల తరబడి మాటలు లేవు. ఒకనాడు పంటలలో వారిరువురు ఒకే వంకకు వచ్చిరి. గదిలో క్షణకాలము ఎవ్వరును మాటాడలేదు. ఆట మొదలైనది. ఇరుకు సందు మొదట ఒకడు ఆగెను. రెండవవాడు, "నువ్వు పోరా, వెనక నేను చూసుకుంటా" అనెను. వాడు పోయెను.

వారమునకే ఆ సంగతి ఇండ్లకు తెలిసినది. ఒకని తండ్రి వాకిట నిలిచి, ప్రక్కప్రక్కనున్న ఆ రెండు కుర్చీలను చూచి, "ఇంటికి రా" అని మాత్రమే పలికెను. ఆ పిల్లవాడు నాలుగు దినములు రాలేదు. ఐదవనాడు వచ్చి తన కుర్చీలోనే కూర్చుండెను. పెక్కేండ్లకు ఆ తండ్రి కాలము చేసినప్పుడు పాడె మోసినవారిలో ఆ రెండవవాడును ఉండెను. అందుకు ఆటయే కారణమని మేమనము. కాని వారిరువురు మొదట మాటాడుకొన్నది ఆ గదిలోనే.

తుపాకి ఆటలు పిల్లలను క్రూరులను చేయునను భయము ఇంటింటను కలదు. 1999లో అమెరికాలోని కొలంబైన్ ఉన్నత పాఠశాలలో కాల్పులు జరిపిన ఇరువురు విద్యార్థులు డూమ్ ఆడెడివారని తెలియగా, ఆ ఆటపై పెద్ద నింద వచ్చినది. 2011లో అమెరికా సుప్రీంకోర్టు, హింసాత్మకమైన ఆటలను పిల్లలకు అమ్మరాదను కాలిఫోర్నియా శాసనమును కొట్టివేయుచు, ఆటలవలననే పిల్లలు దౌర్జన్యపరులగుదురని అధ్యయనములు నిరూపింపలేదని పేర్కొనెను. మేము చూచినది మరియొకటి. తెరపై పడినవానికి తల్లి లేదు, బిడ్డలు లేరు; తరువాతి విడతలో లేచి నిలుచును. మా చేలగట్లపై పడినవారు లేవలేదు. ఈ భేదమును మాకు ఒకరు నేర్పవలసిన పని లేకపోయెను. ఊరిలోని ఏడుపులే నేర్పినవి.

నేడు ఆట అరచేతిలోనికి వచ్చినది. 2020 సెప్టెంబరులో మన ప్రభుత్వము పబ్జీ మొబైల్ ఆటను నిషేధించినది. 2021 జూలైలో దాని వంటిదే మరియొక పేరుతో వచ్చినది. పిల్లవాడు చెవులకు తీగలు తగిలించుకొని, ముఖమెరుగని వారితో జట్టు కట్టుచున్నాడు. ప్రక్క కుర్చీ లేదు. వెనుక నిలిచి దారి చెప్పువాడును లేడు.

కావున పెద్దలకు మా మనవి యొకటి. ఇంటి పిల్లవాడు తుపాకి ఆట ఆడుచున్నచో, ఎంతమందిని చంపితివని గాని, ఎంతసేపు ఆడితివని గాని అడిగి ఊరకుండవలదు. ఎవరితో ఆడుచున్నావని అడుగుడు. నీ జట్టు రేపు మారునా అని అడుగుడు. వీలైనచో ఆ జట్టువారిని ఒకనాడు ఇంటికి పిలిచి, ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి అన్నము పెట్టుడు. చాపకూడు పుట్టిన సీమవారమైన మాకు ఇంతకంటె మంచి ఉపాయము తోచుటలేదు.