ఇంటి వైద్యం: ఉమ్మడి వారసత్వం, వివేకపు హద్దులు

భారతీయ గృహాలలో వంటిల్లు, మందుల అర అనేవి చాలాకాలం వేరువేరుగా ఉండలేదు. పోపుల పెట్టెలోని పసుపు, జీలకర్ర, మిరియాలు, ఇంగువ. జాడీలలోని శొంఠి, కరక్కాయ, వాము. పెరటిలోని తులసి, అడ్డసరం, కలబంద - ఇవన్నీ రుచికీ ఆరోగ్యానికీ సమానంగా ఉపకరించిన వస్తువులు. జలుబు చేస్తే మిరియాల చారు, అజీర్ణమైతే వాము, గొంతు నొప్పికి ఉప్పు కలిపిన గోరువెచ్చని నీరు - వీటి కోసం ఎవరూ వైద్యుని గడప తొక్కలేదు. ఈ పరిజ్ఞానాన్ని కాపాడి, ఒక తరం నుంచి మరొక తరానికి అందించినవారు ప్రధానంగా స్త్రీలు. వారిలో అధిక సంఖ్యాకులు అక్షరజ్ఞానం లేనివారైనా, ఏ ఆకు ఏ రుతువులో కోయాలో, ఏ వేరును ఎంత అరగదీయాలో వారికి కంఠస్థం.

ఈ సంపద విలువ ఎంత, దాని హద్దు ఎక్కడ అనే రెండు ప్రశ్నలనూ కలిపి ఆలోచించవలసి ఉన్నది. హద్దు తెలియని గౌరవం ఒక్కొక్కప్పుడు పసిప్రాణాలను బలిగొంటుంది. విలువ తెలియని తిరస్కారం చేతిలోని మేలును జారవిడుస్తుంది.

ఒకే ఔషధం, అనేక భాషలు

దేశంలోని భాషలు వేరైనా, పోపుల పెట్టె ఇంచుమించు ఒక్కటే. సంస్కృతంలోని శుంఠి తెలుగులో శొంఠి, మరాఠీలో సుంఠ్, హిందీలో సోంఠ్. తమిళంలో సుక్కు, మలయాళంలో చుక్కు. తెలుగునాట శొంఠి కాఫీ ఏ పనికి వాడతారో, కేరళలో చుక్కు కాపీ ఆ పనికే వాడతారు. తెలుగువారి సరస్వతి ఆకును తమిళులు వల్లారై అనీ, బెంగాలీలు థన్‌కుని అనీ, అస్సామీలు మానిమునీ అనీ పిలుస్తారు. పాల్క్ జలసంధి దాటితే అదే ఆకు శ్రీలంకలో గొటుకొల అవుతుంది. ప్రతి చోటా అది పచ్చడిగానో కూరగానో విస్తరిలోకి వస్తుంది.

కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిసిన త్రిఫల చరిత్ర మరింత ఆసక్తికరమైనది. ఆయుర్వేదమూ సిద్ధ వైద్యమూ దానిని విరివిగా వాడాయి. ఆ పేరే అరబ్బు వైద్యుల నోట ఇత్రీఫల్‌గా మారి, యునానీ వైద్యంతో పాటు తిరిగి ఢిల్లీ, హైదరాబాదు, లక్నో హకీముల దుకాణాలకు చేరింది. గ్రీకుల నుంచి పేరు తెచ్చుకున్న యునానీ, అరబ్బుల చేతిలో పెరిగి, భారతదేశంలో స్థిరపడింది. మలబద్ధానికి వాడే ఇసబ్‌గోల్ పేరు పారశీకం. దాని పంట గుజరాత్, రాజస్థాన్ పొలాలలోనిది. దానిని వాడని రాష్ట్రం దేశంలో లేదు. ఔషధానికి మతమూ లేదు, ప్రాంతమూ లేదు అనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

పరీక్షకు నిలిచినవి

పూర్వీకుల అనుభవంలో కొంత భాగం ఆధునిక పరిశోధనలో కూడా నిలిచింది. పంటి నొప్పికి లవంగం నొక్కి పెట్టడం పాత అలవాటు. లవంగ నూనెలోని యూజినాల్‌ను దంతవైద్యులు నేటికీ వాడుతున్నారు. అయితే లవంగం నొప్పిని కొంతసేపు అణచగలదే కాని పుచ్చును మాన్పలేదు. వాములోని ఘాటుకు కారణమైన థైమాల్ సూక్ష్మజీవులను అణచగల పదార్థం. అల్లం వికారాన్ని తగ్గించగలదని పరీక్షలు చూపాయి. దగ్గుకు వాడే అడ్డసరంలోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే, కఫాన్ని పలుచబరచే బ్రోమ్‌హెక్సిన్ అనే నేటి మందు రూపొందింది. ఇసబ్‌గోల్ పొట్టు నీటిని పీల్చుకొని ఉబ్బి, మలాన్ని మెత్తబరుస్తుంది. అందువల్ల దానిని నిండు గ్లాసు నీటితో తీసుకోవాలి, లేనిచో గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉన్నది.

ఇంటి మూలిక శాస్త్రశాలకు చేరిన కథలలో సర్పగంధ కథ ముఖ్యమైనది. ఉన్మాదానికీ నిద్రలేమికీ ఈ వేరును ఉత్తర భారత గ్రామాలలో చాలాకాలంగా వాడేవారు. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రక్తపు పోటు మీద దాని ప్రభావాన్ని ప్రకటించారు. అదే కాలంలో ఢిల్లీలోని తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఆ వేరు నుంచి ఒక క్షారద్రవ్యాన్ని వేరుచేసి, హకీం అజ్మల్ ఖాన్ గౌరవార్థం దానికి అజ్మలీన్ అని పేరు పెట్టారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ ప్రచురించిన వ్యాసం ప్రపంచ వైద్యుల దృష్టిని దాని వైపు మళ్ళించింది. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు రిసర్పిన్‌ను వేరుచేశారు. ఒక పల్లె వేరును ఇందరు, ఇన్ని ప్రాంతాలవారు కలిసి ఔషధంగా తీర్చిదిద్దారు. ఆ పరిశోధనే మరొక సంగతినీ తెలిపింది: మోతాదు మించితే ఆ వేరు రక్తపు పోటును ప్రమాదకరంగా దించగలదు, మనస్సును కుంగదీయగలదు. పని చేసే మందుకు హాని చేసే శక్తి కూడా ఉంటుంది. "ఆకుమందు కదా, ఏం చేస్తుంది?" అనే మాట అందుకే సరియైనది కాదు.

హోమియోపతి ప్రవేశం

ఇంటి వైద్యంలో పోపుల పెట్టె పక్కన చిన్న తెల్లని మాత్రల సీసాలు చేరి నూరు సంవత్సరాలు దాటింది. హోమియోపతి జర్మనీ దేశపు వైద్యుడు శామ్యూల్ హానిమన్ 1796లో ప్రతిపాదించిన పద్ధతి. హోనిగ్‌బెర్గర్ అనే ఐరోపా వైద్యుడు 1839 ప్రాంతంలో లాహోరులో మహారాజా రంజిత్ సింగ్‌కు ఈ పద్ధతిలో చికిత్స చేసినట్లు చెబుతారు. కలకత్తాలో ప్రసిద్ధ వైద్యుడైన మహేంద్రలాల్ సర్కార్ మొదట దీనిని వ్యతిరేకించి, 1867లో బహిరంగంగా సమర్థించారు. ఆయనే 1876లో భారతీయ విజ్ఞాన సంవర్ధన సంస్థను స్థాపించారు. 1928లో రామన్ తన ప్రసిద్ధ పరిశోధన జరిపింది ఆ సంస్థలోనే. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ తన చివరి సంవత్సరాలలో, నేటి ఝార్ఖండ్‌లోని కర్మాటాడ్‌లో, సంథాలులకు ఈ మందులను ఉచితంగా ఇచ్చారు. తెలుగునాట గుడివాడ ఈ విద్యకు పేరు పొందింది. 1973లో పార్లమెంటు ఈ వైద్యాన్ని చట్టబద్ధం చేసింది.

తక్కువ ఖర్చు, తీపి మాత్ర, రోగి చెప్పేది ఓపికగా వినే వైద్యుడు - ఈ మూడూ దానిని సామాన్యుల ఇంటికి చేర్చాయి. అయితే విద్యార్థులు దీని శాస్త్రీయ స్థితిని కూడా నిష్పక్షపాతంగా తెలుసుకోవాలి. ఈ మందులను నూటికి ఒక పాలు చొప్పున పలుమార్లు పలుచన చేస్తారు. అలా పన్నెండు మార్లు చేసిన తరువాత మూలపదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు లేదని రసాయన శాస్త్రం లెక్క కడుతుంది. 2015లో ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి అనేక అధ్యయనాలను పరిశీలించి, ఏ వ్యాధి విషయంలోనూ హోమియోపతి పని చేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని తేల్చింది. ఈ నిర్ణయాన్ని ఆ వైద్యులు అంగీకరించరు. జలుబు వంటి, కొన్ని దినాలలో తనంత తానే తగ్గే బాధకు ఆ మాత్రలు వేసుకొని ఊరట పొందినవారితో వాదించవలసిన పని లేదు. కాని ప్రాణాపాయం కలిగించగల వ్యాధిలో ఆ మాత్రలను నమ్మి కాలం గడపరాదు. వైద్యుడు రాసిన మందులను వాటి కోసం మానరాదు.

హద్దులు తెలియవలసిన చోట్లు

అలవాట్లలో కొన్ని మానవలసినవి ఉన్నాయి. పురిటి బిడ్డ నాలుకకు తేనె రాయడం అనేక ప్రాంతాల ఆచారం. పెద్ద పిల్లల దగ్గుకు తేనె మంచిదే. కాని ఏడాది నిండని శిశువుకు తేనె పెట్టరాదు. తేనెలో ఉండగల ఒకరకం సూక్ష్మజీవి శిశువు పేగులో పెరిగి, కండరాలను చచ్చుబరచే విషాన్ని పుట్టించగలదు. మాటలు త్వరగా వస్తాయని వస కొమ్ము అరగదీసి నాకించడం తెలుగు ఇళ్ళలో మామూలు. గలగల మాట్లాడే పిల్లను వసపిట్ట అని ముద్దుగా పిలవడం తెలిసినదే. అయితే వసలోని ఆసరోన్ అనే పదార్థం జంతువులలో కణుతులను కలిగించినట్లు తేలినందున 1968లో అమెరికా వసను ఆహారంలో నిషేధించింది. ఆరు నెలలు నిండేవరకు బిడ్డకు తల్లిపాలే ఆహారం, తల్లిపాలే రక్ష.

తిప్పతీగ విషయం ఇటీవలిది. కోవిడ్ కాలంలో కషాయాల వాడకం విపరీతంగా పెరిగింది. 2021లో ముంబయి వైద్యులు, తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్లు ప్రకటించారు. అది తిప్పతీగను పోలిన మరొక తీగ వల్ల కావచ్చునని ఆయుష్ మంత్రిత్వ శాఖ సమాధానమిచ్చింది. ఎవరి మాట సరియైనదైనా గృహస్థులకు పాఠం ఒక్కటే: గుర్తు తెలియని తీగను తెంపి కాచరాదు, తెలిసినదానినైనా నెలల తరబడి తాగరాదు.

పాము కాటుకు, కుక్క కాటుకు ఇంటి వైద్యం లేదు. పాము కరిచినవారిని కదలనీయక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. కుక్క కరిచిన గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే దినాన టీకా వేయించాలి. రేబీస్ లక్షణాలు కనిపించిన తరువాత మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కామెర్లకు పసరు పోయించి ఊరుకోవడం, మూడు దినాలు దాటిన జ్వరానికి కషాయంతో సరిపెట్టడం, ఆయాసాన్ని జలుబుగా భావించడం ప్రమాదకరం. గర్భిణులు, రక్తపు పోటుకూ మధుమేహానికీ మందులు వాడేవారు వైద్యునికి చెప్పకుండా ఏ మూలికనూ మందుగా తీసుకోరాదు.

ఉప్పు, చక్కెర, నీరు

ఇంటి వైద్యమూ శాస్త్రమూ చేయి కలిపితే ఏమి సాధించవచ్చునో అతిసార వ్యాధి చరిత్ర చెబుతుంది. 1953లో కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ చటర్జీ కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని నోటి ద్వారా ఇచ్చి, ఫలితాలను 'లాన్సెట్' పత్రికలో ప్రకటించారు. 1968లో ఢాకాలో జరిగిన పరిశోధనలు ఆ పద్ధతి బలాన్ని రుజువు చేశాయి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. నరానికి ఎక్కించే సెలైన్ నిండుకున్నది. డాక్టర్ దిలీప్ మహలనవీస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని పీపాలలో నింపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. ముప్పై శాతం వరకు ఉన్న మరణాలు నాలుగు శాతం లోపునకు దిగాయి. 2023లో భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది.

స్వతంత్ర బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి పదేళ్ళపాటు మహిళలను ఇంటింటికీ పంపి, చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీరు కలిపే పద్ధతిని తల్లులకు నేర్పించింది. ఆ మహిళలు కోటి ఇరవై లక్షలకు పైగా ఇళ్ళు తిరిగారు. తల్లి వంటింటి వస్తువులే మందులైనాయి. కొలత మాత్రం శాస్త్రానిది.

ఆ కొలతను ప్రతి ఇల్లూ గుర్తుంచుకోవాలి: ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తల కొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం. ఆ నీరు కన్నీటికన్న ఉప్పగా ఉండరాదు. ఆరోగ్య కేంద్రాలలో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లం ఇంకా మేలు. దానితో పాటు పద్నాలుగు దినాలు జింకు మాత్రలు ఇవ్వాలి. తల్లిపాలు, అన్నం ఆపరాదు. కళ్ళు గుంటలు పడినా, మూత్రం తగ్గినా, మలంలో నెత్తురు కనిపించినా, బిడ్డ మగతగా ఉన్నా ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

విద్యార్థుల కర్తవ్యం

1995లో గాయాలపై పసుపు వాడకానికి అమెరికాలో పేటెంటు ఇచ్చారు. భారత శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలనూ వ్యాసాలనూ సాక్ష్యంగా చూపగా 1997లో అది రద్దయింది. అమ్మమ్మల నోటి మాట ఆ వివాదంలో సాక్ష్యంగా చాలలేదు. రాసి ఉన్నదే సాక్ష్యమైంది. 2001లో సాంప్రదాయిక విజ్ఞాన నిధి సంకలనం ప్రారంభం కావడానికి ఇదే ప్రేరణ.

ఈ పని ప్రభుత్వానిదే కాదు. పాఠశాలలు, కళాశాలలు తమ ఆవరణలో పది ఔషధ మొక్కలు పెంచవచ్చు. ప్రతి మొక్క వద్ద తెలుగు పేరుతో పాటు మరో రెండు మూడు భారతీయ భాషల పేర్లూ, శాస్త్రీయ నామమూ రాయవచ్చు. విద్యార్థులు తమ ఊరి పెద్దలను అడిగి, ఏ బాధకు ఏ మూలిక, ఎంత మోతాదు, ఎన్ని దినాలు, ఎవరికి కూడదు అన్న వివరాలను నోటు పుస్తకంలో నమోదు చేయవచ్చు. ఆ పుస్తకం చివరి పేజీలో సమీప ఆసుపత్రి ఎంత దూరమో, 108 అంబులెన్సును ఎప్పుడు పిలవాలో కూడా రాసి ఉంచాలి. అప్పుడే అది సంపూర్ణమైన గృహవైద్య గ్రంథం అవుతుంది.