దినారుకి ఎన్ని రూపాయలు?

(గల్ఫ్ వలసలో ఉన్న స్త్రీల సమస్యలపై కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినప్పుడు ఏజెంట్ల మోసాల గురించీ, వీసాల గురించీ మాట్లాడతానని నిర్వాహకులు అనుకుని ఉంటారు. అవి మీకు నాకంటే బాగా తెలుసు. రోజూ ఆ కేసులతోనే కదా తిరుగుతున్నారు! నేను మారకం రేటు గురించి మాట్లాడదలచుకున్నాను. అది బ్యాంకుల వాళ్ళ గొడవ, ఆడవాళ్ళకెందుకు అని మనం చాలాకాలంగా వింటున్నాం, నమ్ముతున్నాం కూడా.

రాజంపేట వైపు ఒక ఊళ్ళో నేను కలిసిన ఒక స్త్రీ 2005 నుంచి 2016 దాకా కువైట్‌లో ఇంటిపని చేసింది. వెళ్ళిన రోజు జీతం 45 దినార్లు, వచ్చేసిన రోజు కూడా 45 దినార్లే. "ఒక్క దినారు కూడా పెరగలేదక్కా. రూపాయి పడిపోయింది, అంతే. ఇంట్లోవాళ్ళు మాత్రం నాకు జీతం పెంచినారనుకున్నారు" అంది. 2005లో దినారు దాదాపు 150 రూపాయలు, 2016లో 220. అంటే నెలకి 6,750 వచ్చే ఇంట్లో 9,900 వచ్చాయి. ఆ తేడా చూసి అత్తగారింట్లో ఖర్చులూ పెరిగాయి, ఆశలూ పెరిగాయి. "ఇంకో రెండేళ్ళు ఉండు" అన్నారు. ఆమె కడిగిన గిన్నెలు తగ్గలేదు, పడుకున్న గంటలు పెరగలేదు.

ఈ రెండు డబ్బుల కథ వెనక్కి వెళ్ళి చూస్తే విచిత్రంగా ఉంటుంది. ఒకప్పుడు కువైట్ బజారులో నడిచింది మన రూపాయే. బంగారం దొంగతనంగా మన దేశానికి చేరేది, దానికి కట్టిన రూపాయలు గల్ఫ్‌కి పోయి, పౌండ్లుగా మార్చమంటూ మళ్ళీ మన దగ్గరికే వచ్చేవి. మన విదేశీ మారక నిల్వలు అలా కరిగిపోతున్నాయని 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరే రంగులో, నంబరు ముందు జెడ్ అక్షరంతో ప్రత్యేక రూపాయి నోట్లు వేసింది. (ఆ బంగారం ఎవరి పెళ్ళిళ్ళకి, ఎవరు ఎవరిని అడిగితే కావలసి వచ్చిందో ఆర్థికవేత్తలు రాయరు.) 1961లో కువైట్ తన దినారు తెచ్చుకుంది. దాని విలువ ఒక బ్రిటిష్ పౌండు, మన లెక్కలో 13 రూపాయల 33 పైసలు. 1966 జూన్ 6న మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించి, డాలరుకి 4.76 ఉన్నదాన్ని 7.50 చేసింది. దాంతో రాత్రికి రాత్రి దినారు 21 రూపాయలైంది.

1990 నాటికి 60 దాకా వచ్చింది. ఆ ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. తమ చౌకబారు దినారూ కువైట్ దినారూ సమానమేనని ఇరాక్ ప్రకటించింది. ట్రంకు పెట్టె అడుగున, చీర మడతల్లో దాచుకున్న నోట్ల గతి ఏమిటో ఊహించండి. లక్షా డెబ్భై వేలకు పైగా భారతీయుల్ని అమ్మాన్ మీదుగా విమానాల్లో తీసుకొచ్చారు. చాలామంది ఉత్త చేతులతోనే దిగారు. చమురు ధర పెరిగి, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు ఆగి, అప్పటికే అప్పుల్లో ఉన్న దేశం 1991లో 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండ్‌కి పంపి తాకట్టు పెట్టింది. అది దేశానికే తలవంపులని అప్పట్లో చాలామంది బాధపడ్డారు. ప్రయాణం ఖర్చుకి కమ్మలూ పుస్తెల గొలుసూ తాకట్టు పెట్టిన ఆడవాళ్ళ గురించి ఎవరూ సంపాదకీయం రాయలేదు. ఆ జూలైలోనే రూపాయి విలువ మళ్ళీ తగ్గించారు. 1993కి దినారు వంద అయింది. 2024లో 270 పైన ఉంది.

"మంచిదే కదా, పంపిన డబ్బు ఎక్కువ రూపాయలవుతుంది" అంటారు. అప్పు రూపాయల్లో ఉంటే కొంత నిజమే. కానీ రూపాయి పడితే బంగారం ధర పెరుగుతుంది, పెట్రోలు ధర పెరుగుతుంది. తాకట్టులో పోయిన గొలుసు మళ్ళీ కొనబోతే ఆ లాభం అక్కడే ఆవిరి. అన్నిటికన్నా నష్టం ఏమిటంటే, జీతం పెంచమని అడిగే నోరు మూతపడుతుంది. కువైట్ 2015లో ఇంటిపనివారికి చట్టం చేసి, 2016లో కనీస జీతం 60 దినార్లు అంది. అప్పుడది 13,200 రూపాయలు. అదే 60 దినార్లు 2024 రేటుకి 16,200. కాగితం మీద ఎవరూ ఏమీ పెంచకుండానే మూడు వేలు పెరిగాయి. ప్రభుత్వానికి ఇవన్నీ 'ప్రైవేటు బదిలీలు' అనే ఒకే గడిలో కూడిన డాలర్లు. అందులో ఇంటిపని ఎంతో ఆ గడి చెప్పదు.

అందుకే మీ కేసు ఫైళ్ళలో జీతాన్ని ముందు దినార్లలో రాయండి. ఆఖరిసారి ఎప్పుడు పెరిగిందో అడిగి రాయండి. బకాయి ఉంటే ఏ రోజు రేటు కట్టాలో ఒప్పందంలోనే రాయించండి.

దీన్ని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఇందాక చెప్పిన స్త్రీకి ఆఖరి పద్నాలుగు నెలల జీతం, 630 దినార్లు, యజమాని ఇవ్వలేదు. ఆమె తిరిగొచ్చాక ఏజెంటు ద్వారా పంపాడు. ఊళ్ళో పెద్దమనుషుల ముందు ఏజెంటు 94,500 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చాడు. అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. "నువ్వు పోయినప్పుడున్న రేటే కట్టినాను" అన్నాడతను, అదేదో న్యాయం చేస్తున్నట్టు. ఆ రోజు రేటుకి లక్షా 38 వేల ఆరొందలు రావాలి. నెల తర్వాత ఆమే లెక్క వేసుకుని నాకు ఫోన్ చేసింది. ఏజెంటుని అడిగితే, రసీదు మీద సంతకాలైపోయాయి కదా అన్నాడట. సాక్షిగా అందులో ఒక సంతకం నాది.